ఆకుపచ్చ కింది పసుపు

మార్చి 6

అక్కకు,

నువ్వూ బావా క్షేమమే అనుకుంటున్నాను. బావకి ఏమాత్రం నలతగా ఉన్నా నీ ఉత్తరం నాలుగు పేజీలు వస్తుంది. పోయినసారి ఒక్క పేజీయే వచ్చింది కాబట్టి ఆయన దివ్యంగా ఉన్నాడన్నమాట.

ఈ ఉత్తరం ఒక తగువు తీర్చమని రాస్తున్నాను. రెండేళ్ళ నుంచి ఈ కొండ కొమ్మున, టెలిస్కోపు నడిపే సార్లకీ పనివాళ్ళకీ వండిపెడుతున్నాను గదా, ఇంతవరకూ నా వంట మీద గొడవంటూ రాలేదు. నిన్న వచ్చింది. మా ఎలక్ట్రీషియన్ కంచం ముందుకు తోసేసి, "మళ్ళీ క్యాబేజీయేనా మాస్టారూ? ఇది తిన్నా ఒకటే, కాగితం నమిలినా ఒకటే. పాలకూర పెట్టండి, ఒంటికి బలం" అన్నాడు. సరుకులు తెచ్చే లారీ డ్రైవరు పక్కనే ఉన్నాడు. అతన్ని మేము గడియారం అంటాం, ఎప్పుడూ టైముకి రాడని. "నీ పాలకూర కొండెక్కేసరికి గుజ్జైపోతుంది. క్యాబేజీ నెల్లాళ్ళు రాయిలా ఉంటుంది. అంతకాలం చెడనిది నీ కడుపులోకి పోయి చెడు చేస్తుందా?" అన్నాడు. అంతే, భోజనాల గది రెండు ముక్కలైంది. చదువుకున్న సార్లు కూడా గరిటెలు పట్టుకుని వాదించారు. చివరికి నేనే, "మా అక్క ఆహారం పరీక్ష చేసే ల్యాబులో పనిచేస్తుంది, ఆవిడ చెప్పిందే తీర్పు" అని అందర్నీ కూర్చోబెట్టాను. పరువు నీ చేతిలో ఉంది.

ఇక్కడ చలి తగ్గింది. కామెర్లు తగ్గాక ఒళ్ళు పూర్తిగా కూడుకోలేదు గానీ పని చేసుకోగలుగుతున్నాను. ఈ ఏడు ఎందుకో ఆకాశం బాగుండటం లేదు. వచ్చిన కొత్తలో నక్షత్రాల గురించి నీకు అంతంత రాశానా, ఇప్పుడు పట్టుమని పది కనబడవు. మబ్బనుకుంటా. సార్లు మాత్రం పొద్దున టీ తాగుతూ "ఏం ఆకాశం, ఏం ఆకాశం" అని మురిసిపోతుంటారు. వాళ్ళకేం, అంత పెద్ద అద్దం ఉంది.

ఫోను ఆఫీసు పనికే కాబట్టి ఉత్తరమే రాయి. లారీ గురువారం వస్తుంది.

నీ తమ్ముడు


మార్చి 15

తగువులమారి తమ్ముడికి,

నా తీర్పు కోసం కంచాలు పక్కన పెట్టేసి కూర్చోలేదు కదా?

ఊరికే చెప్పమంటే ఇలా ఉంటుంది. విటమిన్ సి లో క్యాబేజీదే కాస్త పైచేయి, అదీ పచ్చిగానో, ఎక్కువ ఉడికించకుండానో తింటేనే. నిలవ ఉండటంలో మీ గడియారం చెప్పింది నిజం. ఇనుము పాలకూరలో చాలా ఎక్కువ, కానీ ఆ ఆకులోనే ఉన్న ఒక పులుపు ఆ ఇనుముని మన ఒంటికి సరిగా పట్టనివ్వదు. బీరువా నిండా సామాను ఉండి తాళం దొరకనట్టు. కాబట్టి ఏది గొప్పదని అడిగితే, దేనికోసం తింటున్నావని నేను ఎదురు అడుగుతాను.

ఇది పుస్తకంలో మాట. నా చేత్తో చేసి చెప్పాలంటే మీ కొట్లో క్యాబేజీ ఒకటి పంపు. పాలకూర నేను ఇక్కడి మార్కెట్లో కొంటాను. మా పెద్ద మేడమ్‌ని అడిగాను, ఆవిడ నవ్వి, "సరే, కొత్తగా చేరిన పిల్లలకి నేర్పినట్టూ ఉంటుంది" అంది.

నువ్వు ఇంకా పాలు చూస్తే ముక్కు మూసుకుంటున్నావా? చిన్నప్పుడు అమ్మ గుడ్డు పెడితే నా కంచంలోకి జార్చేవాడివి. కామెర్లు పడ్డ ఒంటికి ఏదో ఒకటి తినాలిరా. బావ నిన్ను అడిగానని రాయమన్నాడు. ఆయన తన బస్సులో టికెట్లు కొడుతూ ఈ తగువు గురించి చెబితే ప్రయాణికులు కూడా రెండు జట్లయ్యారట. ఒకాయన దిగాల్సిన స్టాపు దాటిపోయాడు.

అక్క


మార్చి 27

అక్కా,

గడియారం చేత క్యాబేజీ పార్సిల్ పంపిస్తున్నాను. నీ ల్యాబులో మా వంటగది పరువు పోకూడదని పైన ముదురు ఆకులన్నీ ఒలిచేసి, లోపలి తెల్లటి గుండె మాత్రం గుడ్డలో చుట్టాను. రోజూ కూడా నేను అలాగే వండుతాను. ఆ పచ్చటి పై ఆకులు మొరటుగా ఉంటాయని కంచె అవతల కొండమేకలకి పారేస్తాను. అవి నన్ను చూస్తే చాలు పరిగెత్తుకొస్తాయి. ఈ కొండ మీద నా వంటకి వంక పెట్టనివి అవే.

ఇంకో విషయం. మొన్న సాయంత్రం టెలిస్కోపు గుమ్మటం దగ్గర చిన్న ప్రమాదం జరిగింది. వేడి సూపు ఒలికి చెయ్యి కాలింది. పెద్ద గాయమే. అందుకే మనసు బాగాలేదు, ఎక్కువ రాయలేకపోతున్నాను.

తమ్ముడు


ఏప్రిల్ 5

ఒరేయ్ నాన్నా,

చెయ్యి కాలిందని ఆ మాట ఉత్తరం చివర రాస్తావా? అదీ మేకల తరవాతా? ఈ పార్సిల్లో మందు పంపిస్తున్నాను. పొద్దునా సాయంత్రం రాయి. నీళ్ళలో ముంచకు. కొన్నాళ్ళు గిన్నెలు ఎవరి చేతనైనా తోమించు. కాలిన చేత్తో అంత గుండ్రటి అక్షరాలు ఎలా రాశావో! ఎడమ చెయ్యా?

ఇప్పుడు అసలు సంగతి. నీ క్యాబేజీ వచ్చింది. ముత్యంలా ఉంది. నిన్న మధ్యాహ్నం రెండిటినీ పరీక్షకి పెట్టాను, ఆ చూసినది నీకు చెప్పకుండా ఉండలేను.

ఈ పరీక్షకి వెలుతురు పనికిరాదు, ఆకులోని రంగు పాడవుతుంది. అందుకని తెరలు దించేసి, మసక దీపం పెట్టుకుని చేస్తాం. ఆకుని రోట్లో వేసి మెత్తగా నూరి, రంగుని ఒక ద్రవంలోకి దించాలి. తెల్లటి పొడి కూరిన సన్నటి గాజు గొట్టంలో దాన్ని పైనుంచి పోయాలి. పక్కపక్కన రెండు గొట్టాలు. ఒకదాంట్లో పాలకూర, ఇంకోదాంట్లో నీ క్యాబేజీ. పాలకూర రసం పోసినప్పుడు చిక్కటి ఆకుపచ్చ, నల్లగా కనబడేంత పచ్చ. అది పైనే ఆగిపోయింది. కాసేపటికి దాని కిందనుంచి ఒక పట్టీ విడివడి మెల్లగా దిగడం మొదలుపెట్టింది. పసుపు! మామూలు పసుపు కాదురా, పండిన నారింజ తొక్క రంగు. అంత పచ్చటి ఆకులో ఆ రంగు ఎక్కడ దాక్కుందో! ఆకు పండితే పసుపు ఎక్కడినుంచి వస్తుందనుకున్నాం? ఎక్కడినుంచీ రాదు. మొదటినుంచీ ఉన్నదే, పచ్చదనం తప్పుకుంటే బయటపడుతుంది.

నేను ఇన్నేళ్ళుగా అంకెలు రాసుకుని గొట్టం కడిగేసే మనిషిని. నిన్న మాత్రం కొత్తగా చేరిన పిల్లలు "అబ్బ!" అన్నారు, వాళ్ళతో పాటు నేనూ నోరు తెరిచాను. రెండో గొట్టంలో నీ క్యాబేజీ నుంచి దిగింది చూస్తే, పాత కాగితం అంచులా ఒక లేత మరక, అంతే. లెక్క కట్టాం. ఆ పసుపు పాలకూరలో వంద రెట్లకి పైనే ఉంది. మన ఒళ్ళు విటమిన్ ఎ చేసుకునేది ఆ పసుపుతోనే. కాబట్టి ఈ ఒక్క పందెంలో మీ ఎలక్ట్రీషియన్ గెలిచాడని చెప్పు.

చెయ్యి జాగ్రత్త.

అక్క


ఏప్రిల్ 17

అక్కా,

మందు అందింది. దాన్ని ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చాను. కాలింది నా చెయ్యి కాదు, అతని చెయ్యి. కాల్చింది నేను.

ఆ రోజు సూర్యుడు కిందికి దిగిపోయాడు. నీకు తెలుసు కదా, ఆ తరవాత ఇక్కడ బయట దీపం పెట్టకూడదు, టెలిస్కోపుకి అడ్డం. నేను సూపు గిన్నె పట్టుకుని గుమ్మటం మెట్లు ఎక్కుతున్నాను. అతను పైనుంచి దిగుతున్నాడు. "మాస్టారూ, పక్కకి!" అని అరిచాడు. ఏ పక్కకో నాకు తెలియలేదు. నేరుగా వెళ్ళి అతన్ని గుద్దుకున్నాను. మరుగుతున్న సూపు మణికట్టు నుంచి మోచేతి దాకా పోయింది. అతని కేక ఇంకా నా చెవుల్లో ఉంది.

అప్పటినుంచి అందరూ ఒక రకంగా చూస్తున్నారు. ఈమధ్య పొద్దు వాలితే నా కాళ్ళు నా మాట వినడం లేదు. గడప తన్నుకుంటాను, గోడకి భుజం కొట్టుకుంటాను, ఒకసారి నీళ్ళ పీపా మీద పడ్డాను. పొద్దున లేస్తే మళ్ళీ మామూలే. పెద్దసారు పిలిచి, "సాయంత్రం వడ్డనకి నువ్వు రావద్దు. నెలాఖరుకి ఆలోచిద్దాం" అన్నారు. ఆలోచిద్దాం అంటే ఏంటో నాకు తెలుసు. పెట్టె సర్దుకోమని.

నీ గొట్టాల సంగతి చదివి వినిపించే ధైర్యం లేదు. నా మాట ఎవరు వింటారు ఇప్పుడు.

తమ్ముడు


ఏప్రిల్ 25

తమ్ముడికి,

ఉత్తరం రెండుసార్లు చదివాను. బావ చేత కూడా చదివించాను. పొద్దు వాలితే కాళ్ళు మాట వినవు, పొద్దున లేస్తే మామూలే. ఇలాంటి మాటలు మన ఇంట్లో కొత్తవా? మావయ్య కూడా ఇలాగే చెప్పేవాడు. గడప కాలికి అడ్డం వచ్చిందనేవాడు, గోడే తన మీదికి వచ్చిందనేవాడు. అత్తయ్య ఎన్ని సాయంత్రాలు వీధి చివర నిలబడిందో నువ్వు నా పక్కన ఉండి చూశావు.

చలి కోసం మొదలుపెట్టావా? ఒంటరితనానికా? ఏదైనా సరే, నాకు చెప్పు. మానేస్తానని ఒట్టు పెట్టుకోమని అడగను. నిజం చెప్పమంటున్నాను, అంతే. మనవల్ల ఒకతని చెయ్యి కాలిందిరా.

అక్క


మే 8

అక్కకు,

నేను చుక్క కూడా ముట్టలేదు. వాళ్ళు అనుకుంటే నాకు బాధ లేదు, వాళ్ళు పరాయివాళ్ళు.

మెట్లు కనబడలేదు, అతన్ని గుద్దుకున్నాను. పొద్దు వాలాక ఎవరికి కనబడతాయి మెట్లు? దీపం లేకుండా అందరూ ఎలా చకచకా నడుస్తారో నాకు అర్థం కాదు. అలవాటైపోయి ఉంటుంది, అడుగులు లెక్క పెట్టుకుంటారేమో. నాకా తెలివి లేదు. నేను వంటవాణ్ణి.

ఈ నెలాఖరుకి దిగిపోతాను. మీ ఇంటికి రాను. బావకి నమస్కారాలు చెప్పు.


మే 14

ఒరేయ్, ఒరేయ్,

ఈ ఉత్తరం అందగానే చేతిలో పని వదిలేసి చదువు.

నీకు రేచీకటి.

నీ ఉత్తరం ల్యాబుకి తీసుకొచ్చుకుని మధ్యాహ్నం బల్ల దగ్గర చదువుతున్నాను. కోపంతోనే చదువుతున్నాను, అబద్ధం ఎందుకు. "దీపం లేకుండా అందరూ ఎలా నడుస్తారో" అన్న చోట ఆగాను. అందరూ నడుస్తున్నారు. నువ్వొక్కడివే పడుతున్నావు. కాళ్ళు కాదురా మాట విననిది. ఇంటికెళ్ళి నీ పాత ఉత్తరం వెతికాను. పది నక్షత్రాలు కూడా లేవని రాశావు, మబ్బనుకున్నావు. అంత ఎత్తున, వానలు లేని నెలల్లో, టెలిస్కోపు పెట్టిన చోట రోజూ మబ్బేంట్రా?

నువ్వు పాలు తాగవు. గుడ్డు ముట్టవు. మాంసం ఎప్పుడూ లేదు. రెండేళ్ళుగా అన్నం, పప్పు, బంగాళాదుంప, ఒలిచిన తెల్ల క్యాబేజీ. మధ్యలో కామెర్లు వచ్చి, ఒంట్లో దాచుకున్న విటమిన్ ఎ అంతా పోయింది. మిగతావాళ్ళకి పాలో గుడ్డో పడుతోంది కాబట్టి వాళ్ళ కళ్ళు బాగున్నాయి. నేను ఆ గొట్టంలో దిగిన లేత మరక చూసి, "అంతే" అని రాసి కడిగేశాను. అది నువ్వు రోజూ తినే తిండి అని నాకు తట్టలేదు.

మన కంటి వెనక పొరలో ఊదారంగు పదార్థం ఒకటి ఉంటుంది. మసకలో చూసే చూపంతా దానిదే. దానికి ముడిసరుకు ఆ పసుపే. సరుకు అందకపోతే మొదట పోయేది సంజె చూపు. పట్టించుకోకపోతే కన్ను ఎండిపోయి పగటి చూపు కూడా పోతుంది. అందుకే పరిగెత్తమంటున్నాను.

ఈ ఉత్తరం పెద్దసారుకి చూపించు. కొండ కింద డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్ళు, మందు ఆయనే ఇవ్వాలి, నువ్వు సొంతంగా ఏదీ మింగకు. ఇంకో మాట. ఆ మేకలకి వేసే పై ఆకులు ఉన్నాయే, క్యాబేజీలో ఉన్న కాస్త పసుపూ వాటిలోనే. ఇన్నాళ్ళూ నీ చూపుని కంచె అవతలికి విసిరేశావు. ఇవాళ్టి నుంచి వాటిని కడిగి, సన్నగా తరిగి, నూనెలో వేయించి తిను. నూనె లేకపోతే ఆ పసుపు ఒంటికి పట్టదు. పాలకూర విత్తనాలు పొట్లం కట్టి పెట్టాను. ఎండ పడే కిటికీ దగ్గర పెట్టెల్లో మట్టి పోసి చల్లు.

నిన్ను మావయ్యతో పోల్చాను. ఆ ఉత్తరం చింపెయ్యి.

అక్క


జూన్ 5

అక్కా,

నీ ఉత్తరం గురువారం వచ్చింది. పొయ్యి ముందు నిలబడి చదివాను. అన్నం మాడింది. మాడనిచ్చాను.

మధ్యాహ్నం పెద్దసారు గదికి వెళ్ళి ఉత్తరం ఆయన చేతిలో పెట్టాను. ఆయన చదివారు. "సాయంత్రం నాతో బయటికి రా" అన్నారు అంతే. పొద్దు వాలాక గోడ పక్కన నిలబడ్డాం. ఎలక్ట్రీషియన్‌ని కూడా రమ్మన్నారు, కట్టు కట్టిన చేత్తో వచ్చాడు.

"గుమ్మటం అంచు కనబడుతోందా?" అన్నారు.

"లేదండి."

"నా చెయ్యి?"

"ఎక్కడ పెట్టారండి?"

ఎలక్ట్రీషియన్ గొంతు వినబడింది, "మాస్టారూ, సారు చెయ్యి మీ ముక్కు ముందే ఉంది." ఆ గొంతులో ఏడుపుంది. "నేను, నేను పక్కకి అన్నాను కదా, మీకు నేనే కనబడలేదా ఆ రోజు?"

"నీ కేక వినబడిందయ్యా. నువ్వు కనబడలేదు."

పెద్దసారు అన్నారు, "ఆకాశం చూడటానికి ఇంతమందిమి ఇక్కడికి ఎక్కాం. మనకి అన్నం పెట్టే మనిషికి ఆకాశం లేకుండా పోతే ఒక్కరం కనిపెట్టలేదు." నా భుజం పట్టుకుని ఆయనే నన్ను గదిదాకా నడిపించారు.

మర్నాడు జీపులో కిందికి పంపారు. డాక్టరు కళ్ళలోకి దీపం వేసి చూసి, పాలు తాగుతావా, గుడ్డు తింటావా, కామెర్లు ఎప్పుడొచ్చాయి, అన్నీ నువ్వు రాసినవే అడిగాడు. నీ ఉత్తరం చూపించాను. "మీ అక్క ఎక్కడ ప్రాక్టీసు?" అన్నాడు. ఆకులు నూరుతుందని చెప్పాను. గుళికలు ఇచ్చి, ఎప్పుడెప్పుడు వేసుకోవాలో చెప్పాడు.

ఇక నేను చెప్పబోయేది నీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు.

గుళికలు మొదలుపెట్టిన వారంలోపే అనుకుంటా. పొద్దు వాలాక కడుగునీళ్ళు పారబోద్దామని వంటగది వెనక్కి వచ్చాను. మామూలుగా తలుపు పట్టుకుని అక్కణ్ణించే విసిరేస్తాను. ఆ రోజు దారి పక్కన రాళ్ళు కనబడ్డాయి. తెల్లటి రాళ్ళు, వరసగా. ఇక్కడ రాళ్ళు పేర్చి ఉన్నాయన్న సంగతే మర్చిపోయాను. నా చేతులు కనబడ్డాయి. బకెట్ కింద పెట్టి తలెత్తాను. పైన ఈ కొసనుంచి ఆ కొసకి పొగ. అయ్యో, పొయ్యి ఆర్పకుండా వచ్చానా, గొట్టం నుంచి పొగ కమ్మేసిందే, సార్ల టెలిస్కోపుకి అడ్డం పడుతుందే అని కంగారుపడి, తువ్వాలు తీసి విసురుతున్నాను. పొగ కదలదు.

ఎలక్ట్రీషియన్ వెనకనుంచి వచ్చి, "ఏం చేస్తున్నారు మాస్టారూ?" అన్నాడు.

"పొగ తోలుతున్నానయ్యా, చూడు ఎలా పట్టిందో."

"అది పొగ కాదండి."

"మరేంటి?"

అతను నా చేతిలో తువ్వాలు మెల్లగా తీసుకున్నాడు. అప్పుడు చూశానక్కా. పొగలో చుక్కలు. పొగంతా చుక్కలే. చుక్కల మధ్య చుక్కలు, వాటి వెనక ఇంకా. నేను కూర్చుండిపోయాను. తడి నేల మీదే.

"ఇన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉందా?" అన్నాను.

"ఎక్కడికి పోతుందండి!"

దాన్ని పాలపుంత అంటారని అతనే చెప్పాడు. పాలంటే గిట్టని నేను ఆ పాలని తాగినంతసేపు తాగాను.

పెద్దసారు ఉద్యోగం గురించి మళ్ళీ మాట్లాడలేదు. పెట్టె విప్పేశాను. నీ విత్తనాలు చల్లాను. పై ఆకులు రోజూ నూనెలో వేయించుకుని తింటున్నాను.

తమ్ముడు


జూన్ 14

నా తమ్ముడికి,

నీ ఉత్తరం బావ బస్సులోనే చదివాను, ఇంటికెళ్ళేదాకా ఆగలేక. తువ్వాలు విసిరావన్న చోట పెద్దగా నవ్వాను, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పక్క సీటు ఆవిడ భయపడి లేచిపోయింది. బావ టికెట్లు కొట్టడం ఆపి వచ్చి నా పక్కన కూర్చున్నాడు. "పొగ కాదటండీ" అన్నాను. ఆయనకి ఏమీ అర్థం కాలేదు, అయినా తలూపాడు.

ఇవాళ ల్యాబులో మళ్ళీ పాలకూర నూరాను. పని లేకపోయినా నూరాను. పసుపు పట్టీ దిగుతుంటే ఒక ఆలోచన వచ్చి చెయ్యి ఆగిపోయింది. సూర్యుడు కూడా ఒక నక్షత్రమే కదా. ఆ నక్షత్రపు వెలుగు తిని ఆకు పెరిగింది. పెరుగుతూ ఆ పసుపు తనలో దాచుకుంది. ఆ పసుపు నీ కడుపులోకి పోయి, నెత్తురులో కలిసి, కంటిదాకా నడిచి వెళ్ళి అక్కడ కూర్చుంది. ఎప్పుడో, మన తాతల తాతలు పుట్టకముందు బయలుదేరిన వెలుగు అంత దూరం వచ్చి, చివరికి దాని మీద పడితేనే నీకు చుక్క అయింది. మధ్యలో ఉన్నది ఒక గుప్పెడు కూర! నేను ఇన్నాళ్ళూ కాగితం మీద రాసిన అంకె ఇదా అనిపించింది. మేడమ్ వచ్చి, "ఏంటి, తప్పు వచ్చిందా?" అంది. "లేదండీ, సరిగ్గానే వచ్చింది" అన్నాను.

డాక్టరు చెప్పినన్ని గుళికలే వేసుకో, ఎక్కువైతే ఆ మందే విషం. పాలకూర కూడా మితంగా. ఆ పులుపు ఎక్కువైతే కొందరికి మూత్రపిండాల్లో రాళ్ళు పడతాయి. బావకి చెప్పినా వినడం లేదు. దయ్యాలు కూడా కనబడతాయేమో చూస్తానని మూడు పూటలా తింటానంటున్నాడు.

అక్క


జూలై 24

అక్కా,

పాలకూర కోశాను. మొదటి ఆకు కొయ్యడానికి చెయ్యి రాలేదు. కిటికీ దగ్గర ఆరు పెట్టెల నిండా పచ్చగా ఉంది. బయట చూస్తే ఈ కొండ మీద రాయి తప్ప ఏమీ లేదు. సార్లు పని మధ్యలో వచ్చి ఊరికే దాని పక్కన నిలబడి పోతున్నారు. కొత్తగా తోట ఏదో కట్టించినట్టు.

వండిన రోజు నీ తీర్పు అందరి ముందూ చదివాను. నిలవకి, విటమిన్ సికి క్యాబేజీ. చూపుకి పాలకూర. పై ఆకులు పారేసేవాడికి మాత్రం ఏదీ దక్కదని చివర్లో నా మాట ఒకటి కలిపాను. గడియారం చప్పట్లు కొట్టాడు. ఎలక్ట్రీషియన్ క్యాబేజీ పై ఆకుల వేపుడు రెండుసార్లు అడిగి వేయించుకున్నాడు. అతని చెయ్యి మానింది, మచ్చ ఉండిపోతుందట. మచ్చ చూపించి, "మాస్టారి సంతకం" అని అందరికీ చెబుతుంటాడు. మేకలకి ఇప్పుడు బంగాళాదుంప తొక్కలే, అందుకని అవి నామీద అలిగాయి.

నేనిప్పుడు సాయంత్రం పని తొందరగా ముగించుకుని గోడ మీద కూర్చుంటున్నాను. అందరూ చుక్కల కోసం చూస్తారు. నేను అంతకుముందే వస్తాను. వెలుతురు పోవడం చూడటానికి. నువ్వు ఎప్పుడైనా అది చూశావా? ఒకేసారి పోదక్కా, వరసలో పోతుంది. గోడ మీద ఎర్ర మగ్గు ఉంటుంది, పక్కన పాలకూర పెట్టె ఒకటి. పగలు చూస్తే మగ్గే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పొద్దు వాలుతుంటే మొదట అదే నల్లబడిపోతుంది, బొగ్గులా. ఆకు మాత్రం అలాగే ఉంటుంది. మగ్గు ఎక్కడుందో తెలియనప్పుడు కూడా ఆకులు ఒక్కొక్కటీ తెలుస్తుంటాయి.

నా కంట్లోనే ఏదైనా లోపం మిగిలిందేమోనని భయపడి పెద్దసారుని అడిగాను. ఆయన నా పక్కన గోడెక్కి కూర్చున్నారు. "నీ కన్ను బాగుంది. పగటి చూపు వేరు, మసక చూపు వేరు. మసక చూపుకి ఎరుపంటే తెలియదు. ఆకుపచ్చ బాగా పడుతుంది" అన్నారు. ఆయన కూడా ఆ మగ్గునే చూస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్ళుగా ఆకాశం చూసే మనిషి!

నువ్వు చెప్పింది తలుచుకున్నాను. ఆ చూపు ఆకు ఇచ్చింది కదా. అది ఆకునే చివరిదాకా పట్టుకుని ఉంటోంది.

నువ్వూ ఒకసారి చూడు. అక్కడ వీధి దీపాలు ఉంటాయేమో, మేడ మీద నీడగా ఉన్న మూల చూసుకుని నిలబడు.

తమ్ముడు


ఆగస్టు 2

తమ్ముడికి,

నిన్న పొద్దు వాలేవేళ కరెంటు పోయింది. వీధి వీధంతా మసకబడింది. బావని మేడ మీదకి రమ్మన్నాను. ఎర్రదేం దొరుకుతుందా అని చూస్తే ఆయన ఎర్ర చొక్కా తీగ మీద ఉంది. దాన్ని ఒక చేతికి ఇచ్చాను, పాలకూర కట్ట ఇంకో చేతికి ఇచ్చాను. "ఇలా నిలబడి ఏం చెయ్యాలి?" అన్నాడు. "ఏమీ చెయ్యద్దు, నిలబడండి" అన్నాను. పక్కమేడ ఆవిడ, "ఏమైందండీ?" అని కేకేసింది. "మా తమ్ముడు చూడమన్నాడండీ" అన్నాను. ఆవిడ కూడా పిట్టగోడ దగ్గరికి వచ్చి నిలబడింది.

మొదట్లో బావ వాగుతూనే ఉన్నాడు, టికెట్ ఉందా అనీ, చెయ్యి నొప్పెడుతోందనీ. వెలుతురు తగ్గింది. చొక్కా ముదురెరుపయింది, మట్టిరంగయింది, నల్లబడింది. తరవాత అక్కడ చొక్కా లేదు. బావ మాటలు ఆగిపోయాయి. ఆయన ముఖం పోయింది. పక్కమేడ ఆవిడ "అమ్మో" అంది, చిన్నగా, గుళ్ళో అన్నట్టు.

కరెంటు వచ్చేదాకా ఎవరూ కదల్లేదురా. ఆ చీకట్లో, మనిషి లేనట్టే, గాలిలో, ఆకులు.

అక్క